పది లెక్కపెట్టేలోగా

మూడో అంతస్తు ఆవిడ అన్నదట. ఇస్త్రీ కొట్టు దగ్గర నలుగురూ ఉండగానే అన్నదట. "ఆ టైలరమ్మ కూతురికి మాటలు రాకపోవడమేంటి? మేడ మీద ముసలావిడ పక్కన కూర్చుని గంటసేపు కబుర్లు చెబుతుంటే నా చెవులతో నేను విన్నాను. గుండీలు కుట్టించుకోవడానికి పిల్లని బడి మాన్పించి, పైకి మాత్రం నోరు లేని పిల్ల అని ఏడుపొకటి."

ఈ మాటల్ని ఇస్త్రీ ఆవిడ మడత నలగకుండా మోసుకొచ్చి టైలరమ్మ గుమ్మంలో దించింది. "నాదేం లేదమ్మా. విన్నది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

టైలరమ్మ నోట్లో అప్పటికి ఆరు గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఆరోది గుచ్చాక గానీ నోరు విప్పలేదు.

"నా కూతురు మాట్లాడితే ముందు నాకు వినపడదా? మధ్యాహ్నం వాళ్ళ నానమ్మతో మేడ మీద గడిపే గంట తప్ప, పొద్దున లేచింది మొదలు నా కళ్ళ ముందే ఉంటుంది. మూడో అంతస్తు దాకా వినపడిన మాట ఈ గదిలో వినపడలేదంటే, ఆవిడ చెవులకి మందు వేయించుకోమను."

"ఆ మాట నేను అనలేనమ్మా. ఆవిడ బట్టలు నా దగ్గరే."

ఇస్త్రీ ఆవిడ వెళ్ళిపోయింది. కత్తిరింపు బల్ల కింద కూర్చుని గుండీలు రంగుల వారీగా డబ్బాల్లో వేస్తున్న పిల్ల తలెత్తి తల్లి వైపు చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. పాకే వయసులో గుప్పెడు బొత్తాలు నోట్లో పోసుకుని ఇల్లంతా హడలగొట్టింది కాబట్టి బొత్తాం అనే పేరు అతుక్కుపోయింది. అసలు పేరు కాగితాల్లోనే ఉంది.

"ఆవిడ మాటలు పట్టించుకోకు," అంది తల్లి. "నీకు కోపం వచ్చింది కదూ? వచ్చే ఉంటుంది. రానీ."

బొత్తాం పెదవులు కదిలాయి. అప్పటికే మిషను తిరుగుతోంది.

పిల్లకి అన్నీ అర్థమవుతాయి. రెండో అరలో నీలం దారం తెమ్మంటే ముదురు నీలమా లేత నీలమా అన్నట్టు రెండూ పట్టుకొచ్చి చూపిస్తుంది. చెప్పడం దగ్గరే చిక్కు. కత్తెర అనాలంటే మాట దొరకదు. "అది... కోసేది" అంటుంది. ఆ రెండు ముక్కలు బయటికి రావడానికి కూడా మూడుసార్లు ఊపిరి తీసుకోవాలి. లోకంలో ఎవరికీ అంత తీరిక లేదు.

బడికి రెండేళ్ళు వెళ్ళింది. ఒకరోజు తరగతిలో కిటికీ అద్దం పగిలింది. ఎవరు పగలగొట్టారని టీచరు అడిగితే, బొత్తాం నోరు తెరిచేలోగా నలుగురు లేచి ఆమె పేరే చెప్పారు. సాయంత్రం దాకా గోడ పక్కన నిలబెట్టారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు, ఏడవలేదు. మూడో రోజు తల దువ్వించుకుంటూ, అద్దంలో తల్లిని చూసి, "నేను... కాదు," అంది. ఆ ముక్క చెప్పడానికి పిల్లకి మూడు రోజులు పట్టింది. దువ్వెన అక్కడే పడేసి టైలరమ్మ బడికి వెళ్ళి పేరు తీయించేసి వచ్చింది.

అప్పట్నుంచి చదువు ఇంట్లోనే. లెక్కలకి కొలతల టేపు ఉంది. చదవడానికి కథల పుస్తకాలతో పాటు ఆర్డర్ల పుస్తకం కూడా ఉంది. ఛాతీ కొలత చెబితే బొత్తాం అందులో నాలుగో వంతు తీసి, కుట్టుకి అంగుళం కలిపి, సుద్దతో గీత గీసేస్తుంది. టైలరమ్మ కుట్టేవి ఎక్కువగా బడి పిల్లల యూనిఫారాలే. తను వెళ్ళని బడికి జేబులు ఎక్కడ రావాలో ఆ పిల్ల గుర్తులు పెడుతుంది.

మాటల డాక్టరు మొదట్లోనే చెప్పాడు. "పిల్ల బుర్ర నిండుగానే ఉంది, గుమ్మం ఇరుకు. ఏదైనా అడిగితే మనసులో పది లెక్కపెట్టండి. ఆలోగా మీరు మాట అందించకండి." టైలరమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటిస్తున్నాననే అనుకుంది. కాకపోతే ఆవిడ కాలు ఎప్పుడూ మిషను మీద ఉండేది. పది అంటే సూది పదిసార్లు దిగేంతసేపు.

మంగళవారం విద్యాశాఖ నుంచి కాగితం వచ్చింది. ఇంట్లో చదివే పిల్లల్ని ఏడాదికోసారి చూసి వెళ్ళడం మామూలే. ఈసారి మూడు నెలలు ముందే వస్తున్నారు. "సమాచారం అందినందున" అని ఒక ముక్క ఉంది. గురువారం పదకొండు గంటలకు అధికారి వస్తారు, బాలిక తనకు తెలిసిన విషయం తన మాటల్లో చెప్పగలగాలి, లేనియెడల ఊరి చివర ఉన్న ప్రత్యేక పాఠశాలలో చేర్చవలెను. వారానికి ఆరు రోజులు అక్కడే ఉండాలి. ఆదివారం ఇంటికి పంపుతారు.

అన్నం ముందు కూర్చుని లిఫ్టు మెకానిక్ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన బొత్తాం తండ్రి. గోళ్ళలో గ్రీజు ఎప్పుడూ పోదు.

"పంపితే తప్పేంటే?" అన్నాడు మెల్లగా.

"ఏంటండీ?"

"నీకు మిషను తెలుసు. నాకు లిఫ్టు తెలుసు. మాటలు తెలిసినవాళ్ళు అక్కడున్నారు. మన చేతిలో లేని పని మనం పట్టుకుని కూర్చున్నామేమో అని."

"బడిలో ఆరు గంటలు నోరు తెరవలేనిది, అక్కడ ఆరు రోజులు ఏం చేస్తుంది? రాత్రి కడుపునొప్పి వస్తే ఎవరికి చెబుతుంది? చెప్పేలోగా తెల్లారుతుంది."

"నీకు మాత్రం చెబుతోందా?"

టైలరమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

బుధవారం మిషను మీద గుడ్డ కప్పింది. యూనిఫారాల గడువు శనివారం అయినా సరే కప్పింది. ఐదు వాక్యాలు అట్టముక్క మీద రాసి పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఒకటి, పేరూ వయసూ. రెండు, నేను ఇంట్లో అమ్మ దగ్గర చదువుకుంటున్నాను. మూడు, నాకు కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు వచ్చు. నాలుగు, నేను రోజూ కథలు చదువుతాను. ఐదు, నాకు బొమ్మలు వేయడం ఇష్టం.

మధ్యాహ్నం దాకా మొదటి రెండే పడ్డాయి. మూడు దగ్గర పిల్ల నోరు బిగుసుకుపోయింది. "గుణకారాలు," అంది తల్లి. "గుణకారాలు. చెప్పు. గుణ..." సాయంత్రం నాలుగింటికి బొత్తాం ఐదూ వరుసగా, రీలు నుంచి దారం లాగినట్టు, ఎక్కడా తెగకుండా చెప్పేసింది. చెప్పాక చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

మెకానిక్ గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఐదూ బాగానే ఉన్నాయి. ఆరోది అడిగితే?"

"ఆరోది ఎందుకు అడుగుతారు?"

"నేను ఐదంతస్తులు చూసి దిగివచ్చిన లిఫ్టు సరిగ్గా ఆరో అంతస్తులోనే ఆగిపోతుంది. అందుకని అడిగాను."

"మీరు ఆ నోటితో శుభం పలకరు."

ఇక మిగిలింది అత్తగారు. ముప్పై ఏళ్ళు నూలు మిల్లులో చేసిన మనిషి. ఆ కదుళ్ళ మోతలో చెవులు రెండూ ముప్పాతిక పోయాయి. మిల్లులో ఆడవాళ్ళు మాట వినరు, చూస్తారు. ఎదుటి మనిషి పెదవుల మీదే కళ్ళు పెట్టి, పెదవులు పూర్తిగా ఆగేదాకా కదలరు. మధ్యలో మాట కలిపినా ఆ మోతలో ఎవరికీ అందదు కాబట్టి, అక్కడ ఎవరూ ఎవరికీ అడ్డం రారు. మిల్లు మూసేసి పదేళ్ళయినా ముసలావిడకి ఆ అలవాటు పోలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినా సరే, నోట్లోకి దూరేటట్టు చూస్తుంది. టైలరమ్మకి అది చూస్తే ఒళ్ళు మండేది.

"అత్తయ్యా," అంది ఎదురుగా నిలబడి. "రేపు పదకొండింటికి మీరు ఇస్త్రీ ఆవిడ దగ్గర కూర్చోండి."

ముసలావిడ ఆ పెదవులు ఆగేదాకా చూసింది. "ఎందుకూ?"

"ఆఫీసరమ్మ వస్తోంది. మధ్యలో మీరు ఏంటీ ఏంటీ అంటే పిల్ల కంగారు పడుతుంది."

"నా ఏంటీకి అది కంగారు పడదే."

"అత్తయ్యా, దండం పెడతాను."

"పెట్టక్కర్లేదు. పోతాలే."

గురువారం పదకొండుకి ఐదు నిమిషాలుందనగా ఆఫీసరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, భుజానికి గుడ్డ సంచి, కళ్ళద్దాలకి తాడు. గదంతా ఒకసారి చూసింది. కత్తిరింపు బల్ల, గోడకి వేలాడే కాగితపు నమూనాలు, డబ్బాల్లో గుండీలు. గుండీల దగ్గర ఆ చూపు ఒక్క క్షణం ఆగింది. టైలరమ్మ డబ్బాలకి అడ్డంగా జరిగింది.

"గుండీలు ఈ పిల్లే ఏరుతుందా?"

"ఆడుకుంటుందండీ. రంగులు నేర్చుకోవడానికి."

"తొమ్మిదేళ్ళకి రంగులా?"

మెకానిక్ దగ్గాడు. ఆ పూట సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు పక్కన నిలబడ్డాడు. జేబులో స్క్రూడ్రైవరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆఫీసరమ్మ బొత్తాం ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ పేరేంటమ్మా?"

బొత్తాం పేరూ వయసూ చెప్పింది. తల్లి ఊపిరి వదిలింది.

"మంచిది. ఈ పొద్దున లేచి ఏం చేశావు?"

"నేను ఇంట్లో అమ్మ దగ్గర చదువుకుంటున్నాను."

"అలాగా. పొద్దున ఏం చేశావో చెప్పు."

"నాకు కూడికలు తీసివేతలు గుణకారాలు భాగహారాలు వచ్చు."

ఆఫీసరమ్మ కలం కింద పెట్టింది. "బయట వాన పడుతోందా?"

"నేను రోజూ కథలు..."

"అది కాదే," అంది టైలరమ్మ, ఆపుకోలేక. "వాన లేదండి అని చెప్పు. లేచాక పళ్ళు తోముకున్నాను, స్నానం చేశాను, పాలు తాగాను అని..."

"మీరు కాసేపు మాట్లాడకండి."

ఆఫీసరమ్మ సంచిలోంచి మూడు బొమ్మల అట్టలు తీసి బల్ల మీద వరసగా పెట్టింది. మొదటి దాంట్లో ఒక ముసలాయన వానలో గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. రెండో దాంట్లో గాలికి గొడుగు ఎగిరిపోయింది. మూడో దాంట్లో గొడుగు కరెంటు తీగకి వేలాడుతోంది, ముసలాయన కింద నిలబడి తడుస్తున్నాడు.

"ఏం జరిగిందో నీకు తోచినట్టు చెప్పు. తొందరేం లేదు."

టైలరమ్మ మనసులో లెక్క మొదలుపెట్టింది. ఒకటి రెండు మూడు నాలుగు. మిషను మీద గుడ్డ కప్పి ఉన్నా కాలు నేల మీద అదే వేగంతో ఆడుతోంది. పది అయిపోయింది. బొత్తాం చెప్పలేదు. ఇంకో పది. అదీ అయిపోయింది. గొడుగు. ఒక్క మాట అంటే చాలు, తతిమ్మావి అవే వస్తాయి. గొడుగు. ఆవిడ పెదవులు గుండ్రంగా ముడుచుకున్నాయి. చప్పుడు రాలేదు, రానివ్వలేదు. గొ. డు. గు.

"అమ్మా," అంది ఆఫీసరమ్మ వెనక్కి తిరక్కుండానే, "పిల్ల బొమ్మల వైపు చూడటం లేదు. మీ నోటి వైపు చూస్తోంది."

టైలరమ్మ అరచేత్తో నోరు మూసుకుంది.

ఆఫీసరమ్మ కాగితం మీద ఏదో రాసింది. రెండు వరసలు. టైలరమ్మకి అక్షరాలు కనపడలేదు, చెయ్యి కదలడమే కనపడింది. ఊరి చివర బడి, వరసగా మంచాలు, ఏదో ఒక మంచం మీద కడుపు పట్టుకుని, నోరు తెరుచుకుని, ఎవరూ ఆగక... అక్కడిదాకా వెళ్ళి ఆలోచన ఆగిపోయింది. మెకానిక్ చెయ్యి జేబులో స్క్రూడ్రైవరుని గట్టిగా పట్టుకుంది.

"చూడండి," అంది ఆఫీసరమ్మ, "నాకు మీ మీద పగ ఏమీ..."

తలుపు తోసుకుని ముసలావిడ లోపలికి వచ్చింది.

"ఆ ఇస్త్రీ కొట్టు సెగకి వీపు కాలిపోతోందే," అంది ఇల్లంతా వినపడేట్టు. "ఇంకా అవలేదా?"

"అత్తయ్యా, బయటికి..."

టైలరమ్మ చెయ్యి ఊపింది, మెకానిక్ చెయ్యి ఊపాడు. ముసలావిడ ఎవరి నోరూ చూడటం లేదు కాబట్టి ఎవరి మాటా ఆవిడకి చేరలేదు. నేరుగా వచ్చి బొత్తాం పక్కన చాప మీద కూలబడి, మోకాళ్ళు ఒత్తుకుని, బల్ల మీద బొమ్మలు చూసింది.

"ఏంటే ఇది?" అని పిల్ల మొహంలోకి చూసి, ఇక ఊరుకుంది. అదే చూపు. ఉప్పు డబ్బా చూపు.

టైలరమ్మ నోరు తెరిచింది. ఆఫీసరమ్మ చెయ్యెత్తి ఆపింది.

బొత్తాం బొమ్మ మీద వేలు పెట్టింది. చాలాసేపు వేలు అక్కడే ఉంది. వీధిలో ఏదో బండి హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. ముసలావిడ కళ్ళు పిల్ల పెదవుల మీద నుంచి జరగలేదు.

"తాత," అంది బొత్తాం.

ముసలావిడ తలూపింది.

"తాత... వానకి... వానకి పట్టేది. పట్టుకున్నాడు." ఊపిరి. "గాలి... లాక్కుంది. తీగకి... ఇలా." చేత్తో వేలాడదీసి చూపించింది. "అందదు. తాత... పొట్టి."

"అయ్యో. మరి తడవడూ?"

"తడిశాడు." ఇంకొక ఊపిరి, ఇది కాస్త చిన్నది. "పరుగెత్తొచ్చుగా. ఊరికే... చూస్తున్నాడు. పైకి."

"గొడుగు మీద మమకారం."

"ఆ. గొడుగు." మాట దొరికినందుకు పిల్ల మొహం వెలిగింది. "నువ్వు కూడా... అంతే. చెప్పు తెగితే... వీధిలో... నిలబడ్డావు. అందరూ చూశారు."

ముసలావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. "అది నీకింకా గుర్తుందటే."

టైలరమ్మకి నవ్వు రాలేదు. చెప్పు తెగిన సంగతి ఆవిడకి తెలియదు. ఎప్పుడు తెగిందో, ఎక్కడ నిలబడ్డారో తెలియదు. మేడ మీద రోజూ మధ్యాహ్నం గంటసేపు ఏం జరుగుతోందో మూడో అంతస్తు ఆవిడకి తెలుసు, తనకి తెలియదు. తన మిషను ఆగేది కాదు కదా, తెలియడానికి.

ఆఫీసరమ్మ ఇందాక రాసిన రెండు వరసలూ కొట్టేసింది. కొట్టేసిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది, ఒక్క ముసలావిడకి తప్ప.

"ఇంట్లోనే ఉండనిస్తున్నాను," అంది. "ఆరు నెలలు. మళ్ళీ వస్తాను. కానీ పాఠం దగ్గర మీరొక్కరే కూర్చోకూడదు. ఆ పెద్దావిడ కూడా ఉండాలి."

"ఆవిడకి చదువు రాదండీ," అంది టైలరమ్మ. "సంతకం కూడా వేలిముద్రే. చెవులా, వినపడవు."

"చూశాను. అయినా కూర్చోమనండి."

"రెండేళ్ళు నేను చెప్పానండీ. ఆ లెక్కలు, ఆ అక్షరాలు, అన్నీ నేనే."

"చదువు మీరే చెప్పారు. కాదని నేను రాయడం లేదు."

ఆఫీసరమ్మ కాగితాలు సర్దుకుంటోంది. మెకానిక్ జేబులోంచి చెయ్యి తీసి మొహం తుడుచుకున్నాడు. పంపక్కర్లేదు. పిల్ల ఇక్కడే ఉంటుంది. కోరుకున్నది జరిగింది. టైలరమ్మ వెళ్ళి కూతురి ఎదురుగా, ఆఫీసరమ్మ ఖాళీ చేసిన కుర్చీలో కాకుండా, నేల మీద కూర్చుంది.

"బొత్తాం. నానమ్మతో ఇంత మాట్లాడతావు కదా. నాతో ఎందుకు మాట్లాడవే?"

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి.

భయమా అని అడగబోయింది టైలరమ్మ. కోప్పడతాననా అని అడగబోయింది. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి. పంటి కింద నొక్కిపెట్టి లెక్క మొదలుపెట్టింది. ఈసారి మిషను లెక్క కాదు. చేత్తో అంచు కుట్టే లెక్క. సూది దింపి, దారం పూర్తిగా లాగి, బిగించి, అప్పుడు రెండు. మళ్ళీ దింపి, లాగి, బిగించి, అప్పుడు మూడు. కాలు నేల మీద కదలకుండా చేత్తో పట్టుకుంది. ఆఫీసరమ్మ సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఏడు. ఎనిమిది. పది దాటింది. పద్నాలుగు. మెకానిక్ ఏదో అనబోతే ఆఫీసరమ్మ చూపుతోనే వద్దంది. పందొమ్మిది దగ్గర బొత్తాం ఊపిరి తీసుకుంది.

"నానమ్మకి తెలీదు... అందుకని చెప్తాను. నీకు... అన్నీ ముందే తెలుసుగా."